ఆయమ్మ కాళ్ళు కడుక్కునే వేళ

ఖర్గ్‌పూర్ గోల్‌బజారులో చేపల దగ్గర బేరమాడుతుంటే తెలిసింది, ఆయమ్మ పోయిందని.

చెప్పినతను మా ఇంటాయనతో పాటు రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. సెలవు పెట్టి ఊరెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడట. మా వేపు అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అనేవాడు. "అప్పా, నీకు తెలిసిందా? మీ పక్కింట్లో ఉండేది గదా, ఆసుపత్రి ఆయమ్మ. ఎల్లిపోయింది. మొన్న కోతలప్పుడు" అన్నాడు.

"ఎక్కడికి?" అని అడిగాను.

అతను చెయ్యి పైకెత్తి ఆకాశం చూపించాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

చేప కొనకుండానే ఇంటికి నడిచాను. మనిషి పోయిందని వింటే ముఖం గుర్తుకు రావాలి. నాకు మాత్రం దారంతా ఆమె పాదాలే గుర్తుకొచ్చాయి. వెడల్పాటి నల్లటి పాదాలు. మడమల దగ్గర బీటలు. ఆ బీటల్లో ఇంకిపోయిన ఆవనూనె.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. ఏళ్ళ తరబడి గోడకి ఇటూ అటూ బతికి, పేరు తెలియదంటే ఎవరూ నమ్మరు. రైల్వే ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయా కనక తెలుగువాళ్ళందరికీ ఆయమ్మ. బెంగాలీలకి మాసీ. ఒకసారి ఆసుపత్రి జవాను వచ్చి రికార్డులో ఉన్న పేరుతో పిలిస్తే, తననే పిలుస్తున్నాడని తోచక వెనక్కి తిరిగి చూసింది. భర్త ఉండేవాడా, పిల్లలు పుట్టారా, ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదేమో. ఊళ్ళో ఒక మేనల్లుడున్నాడని మాత్రం తెలుసు.

టెక్కలి అవతల పల్లె నుంచి పెళ్ళయి నేను ఇక్కడి ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టరుకి వచ్చేసరికి నాకు బెంగాలీ రాదు, హిందీ రాదు. పగలంతా తలుపేసుకుని కూర్చునేదాన్ని. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ కూసేవేళకి వరసలో ఉన్న క్వార్టర్లన్నిటి పెరళ్ళలోనూ బొగ్గుల కుంపట్లు అంటించేవాళ్ళు. పొగ పైకి పోకుండా పెరటిగోడల ఎత్తున తేలుతూ ఉండేది. ఆ పొగలోంచి, గోడకవతల ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు రోజూ వినిపించేది. తెలుగు. అదీ మా వేపు తెలుగు. ఒకనాడు ఉండబట్టలేక బట్టలుతికే రాయి మీదెక్కి తొంగి చూశాను.

అవతల ఒక్క మనిషే ఉంది.

పీట మీద కూర్చునుంది. ముందు సొట్టలు పడ్డ సత్తు బేసిను. అందులో పొగలు కక్కే నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు. వంగి, తన ఎడం పాదాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని, చంటిపిల్లని అడిగినట్టు అడుగుతోంది.

"అలిసిపోనావా? పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు. మెట్లెక్కినావు, దిగినావు. నీళ్ళ బకెట్లు మోస్తంటే ఒక్క పాలి కూడా జారనేదు. దండం తల్లీ నీకు. సాలు, ఇంక పడుకో."

పాదం తుడిచి, నూనె రాసి, మడత పెట్టిన గోనె మీద నిజంగానే పడుకోబెట్టినట్టు పెట్టింది. తరవాత కుడి పాదం. తరవాత మోకాళ్ళు. కుడి మోకాలి దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది.

"నువ్వేటి సేసినావే ఇయ్యాల? మూలిగినావు. ఎక్కిన ప్రతీ మెట్టుకీ మూలిగినావు. పోన్లే, మూలుగుతానే ఎక్కినావు గదా. నీకూ దండం."

నాకు నవ్వాగలేదు. ఆమె తలెత్తి చూసింది. కోప్పడలేదు. తడి అరచెయ్యి ఎత్తి, కాస్త ఆగమంది. చేతులూ భుజాలూ అయ్యాయి. చివరికి కళ్ళ మీద చన్నీళ్ళు చల్లుకుని, "సూడాల్సినియ్యీ సూసినారు, సూడకూడనియ్యీ సూసినారు. సల్లబడండి" అంది. కొంగుతో మొహం తుడుచుకున్నాక నా వేపు తిరిగింది.

"ఆ. ఇప్పుడు సెప్పు. ఎవులమ్మాయివి? ఏ ఊరు?"

ఖర్గ్‌పూర్‌లో ఆడమనిషి నన్నడిగిన మొదటి మాట అదే.

అప్పటినుంచీ సాయంత్రమైతే గోడ దగ్గర నిలబడడం నాకలవాటయింది. ఆమె ఏనాడూ నన్ను పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. ఆసుపత్రి నుంచి వస్తున్నప్పుడు దారిలో ఎవరు పలకరించినా తల ఊపేదే గాని నిలబడేది కాదు. రాత్రి డ్యూటీ పడ్డ వారాల్లో కూడా అదే వేళకి, డ్యూటీకి బయల్దేరబోయే ముందు, బేసిను ముందు కూర్చునేది. వార్డు నుంచి తొందరగా రమ్మని కబురొస్తే మోకాళ్ళ మీద చెరో తట్టూ తట్టి, "వొచ్చినాక సెప్తాను" అని లేచిపోయేది. వచ్చాక మర్చిపోకుండా చెప్పేది కూడా. ఒకనాడు అన్నిటికీ దండాలయ్యాక నాలుక బయటికి తీసి, వేలితో చూపించి, "దీనికి మాత్రం ఇయ్యాల దండం నేదు. సిస్టరమ్మ మీద పడి వాగింది" అంది. అంది గాని, లోపలికెళ్ళి ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని వచ్చింది.

అటుపక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ వదినమ్మ, మేం బౌదీ అనేవాళ్ళం, అదంతా ఏదో మంత్రమనుకునేది. నేను హిందీ నేర్చుకున్నాక నన్నే అడిగింది, మాసీ ఏ దేవుడి పూజ చేస్తుందని. మా ఇంటాయనైతే "ఆయమ్మ కాళ్ళ పూజ" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కాని ఒకనాడు అడిగాను.

"ఆయమ్మా, ఇది ఎవులు నేర్పినారు నీకు?"

ఆమె నూనె గిన్నె మూత పెడుతూ చెప్పింది. "మా అయ్య బండి తోలేవోడు. సందేళకి బండి ఇప్పీగానే, ఆడు ముద్ద తినకుండా, ముందు ఎద్దుల కాళ్ళు కడిగేవోడు. గిట్టల మద్దిన రాయి ఇరుక్కుంటే తీసేవోడు. మూపు మీద సెయ్యేసి, 'సాలురా నాయినా, మోసినావు' అనేవోడు. మా అమ్మ అక్కడే నిలబడుండేది, గడ్డిమోపు దింపుకుని. ఆవిడా మోసింది. ఆ మాట ఆవిడకి ఎవులూ అన్నేదు."

గిన్నె గోడవార పెట్టి, "నాకూ ఎవులూ అనరని సిన్నప్పుడే తెలిసిపోయింది. అందుకే నేనే అనుకుంటన్నాను" అంది.

బాధపడుతూ చెప్పలేదు. వంకాయలు చవగ్గా ఉన్నాయని చెప్పినట్టే చెప్పింది.

మరుసటేడు నాకు నెలలు నిండాయి. నొప్పులొచ్చిన నాడు వార్డులో డ్యూటీ ఆయమ్మదే. ఆడపిల్ల పుట్టింది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా మెల్లగా నడవడం మొదలుపెట్టారు. దాన్ని బట్టే నాకు తెలిసింది. పిల్ల ఏడవలేదు.

సిస్టరు గుడ్డలో చుట్టి తీసుకెళ్ళమంది. ఆయమ్మ తీసుకెళ్ళలేదు. గది మూలకి వెళ్ళి, స్టవ్ మీదున్న వేణ్ణీళ్ళు బేసిన్లోకి వంచి, మోచేత్తో వేడి చూసింది. పడుకున్న దగ్గరినుంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇంక వేణ్ణీళ్ళెందుకు, మాసీ?" అని అడిగింది సిస్టరు.

"పసిపిల్లకి సన్నీళ్ళెలగ పోత్తామమ్మా?"

అంతే అంది. బతికిన పిల్లకి పోసినట్టే పోసింది. మెడ కింద చెయ్యి పెట్టి, చెవుల్లోకి నీళ్ళు పోకుండా రెండు వేళ్ళతో మూసి, వేళ్ళ సందులు తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి నా దగ్గరికి తీసుకొచ్చింది. సిస్టరు అడ్డం వచ్చింది. చూపిస్తే తల్లి తట్టుకోలేదంది. ఆయమ్మ గొంతు పెంచలేదు. "ఆళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఒకే కాడ ఉన్నారు. ఒక్క పాలైనా ఒకల మొకం ఒకలు సూసుకోవాల" అని, పిల్లని నా చేతుల్లో పెట్టింది.

నా కూతురికి జుట్టు ఒత్తుగా ఉంది. పై పెదవి మా నాన్నది. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ సాయంత్రం ఆ మనిషి డ్యూటీలో ఉంది గనక తెలుసు.

ఇంటికొచ్చాను. మా అత్తగారు ఊరినుంచి వచ్చి ఉంది. చెడ్డమనిషి కాదు. కాని నోరు ఊరుకోదు. "మొదటి కాన్పే మన్నుపాలయ్యింది. అదేటి కడుపో" అని పొయ్యి దగ్గర కూర్చుని వినిపించేలా అనుకునేది. నేను లోపల అదే అనుకుంటున్నాను గనక నాకు కోపం కూడా రాలేదు. నా ఒళ్ళంటే నాకే అసహ్యం వేసింది. పాలు పడ్డాయి. పిల్ల లేదని ఒంటికి తెలియలేదు. గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకుని గోడవేపు తిరిగి పడుకునేదాన్ని. తల దువ్వుకోలేదు. కుంపట్లు అంటించే వేళకి చెవులు మూసుకునేదాన్ని, గోడకవతలి మాటలు వినపడకుండా.

ఒక సాయంత్రం ఆ మాటలు వినపడలేదు. ఆయమ్మ మా వాకిట్లోంచే వచ్చింది. డ్యూటీ చీర మార్చుకోలేదు. కాళ్ళు కడుక్కోలేదు. ఒక చేత్తో తన బేసిను, ఇంకో చేత్తో వేణ్ణీళ్ళ తపేలా.

"లే పిల్లా. పెరట్లోకి రా."

రానన్నాను. ఆమె మాట్లాడకుండా బేసిను పెరట్లో పెట్టి, ఉప్పు వేసి, వచ్చి నా చంకల కింద చేతులేసి లేపింది. వార్డులో ఎంతోమందిని లేపిన చేతులు. ఆ పట్టు విడిపించుకోవడం నా వల్ల కాలేదు. పీట మీద కూర్చోబెట్టి కాళ్ళు నీళ్ళల్లో పెట్టింది. పాదాలు కడిగింది, నూనె రాసింది. బిగించిన గుడ్డ విప్పి, వేడిగుడ్డ వేసి, గడ్డకట్టిన పాలు నొప్పి తెలియకుండా గిన్నెలోకి తీసింది. "ఎవులూ తొక్కే కాడ పడకూడదు" అంటూ ఆ గిన్నె తీసుకెళ్ళి గోడవార ఆనపపాదు మొదట్లో పోసి వచ్చింది. అప్పుడు నా కడుపు మీద చెయ్యి వేసింది.

"దండం తల్లీ" అంది. నాతో కాదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దీనికా దండం? నా పిల్లని సంపేసింది ఇది! దీనికా?" అని అరిచాను. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆయమ్మ చెయ్యి తియ్యలేదు. "తిట్టు. ఇంకా ఉంటే తిట్టు. అయిపోనాక సెప్తాను."

తిట్టాను. ఏడ్చాను. నేను అలిసిపోయేదాకా ఆమె అలాగే కూర్చుంది. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది, నిద్రపోయే పిల్ల పక్కన మాట్లాడినంత చిన్న గొంతుతో.

"ఆ పిల్లకి నువ్వే ఇల్లు. ఆ పిల్ల ఎరిగిన ఇల్లు నువ్వొక్కర్తివే. ఎచ్చగా ఉంచినావు. ఒక్కనాడు ఆకలి తెలీనియ్యనేదు. ఒక్కనాడు ఒంటరిగా ఒగ్గీనేదు. నీ సేతనైనంత దూరం మోసినావు. సాలు తల్లీ. పడుకో."

ఆ రాత్రి అన్నం తిన్నాను.

మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఆ మూడో సాయంత్రం నా పాదాలయ్యాక నీళ్ళు పారబొయ్యబోతుంటే, గుమ్మంలో ఉన్న మా అత్తగారు వచ్చి ఇంకో పీట లాక్కుని కూర్చుంది. ఎటో చూస్తూ, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగి, కాళ్ళు బేసిన్లో పెట్టేసింది.

"నాకూ నొప్పులే" అంది.

ఆయమ్మ నవ్వలేదు. "రా ఒదినా" అని ముందుకు జరిగింది. మా అత్తగారి కాళ్ళ మీద పాముల్లా ఉబ్బిన నరాలుండేవి. ఆయమ్మ ఒక్కో నరం వెంబడీ వేలు పోనిచ్చి, "ఎంతమందిని మోసినారమ్మా మీరు! ఎన్ని కాన్పులు, ఎన్ని నాట్లు" అని ఆ కాళ్ళతోనే మాట్లాడింది. అత్తగారు గొంతు సవరించుకుంది. "కబుర్లు సాలు గాని, ఆ పిక్క మీద ఇంకాస్త గట్టిగా రాయి" అని కసిరింది. ఆ తరవాత మా ఇంట్లో నా కడుపు మాట మళ్ళీ ఎత్తలేదు. ఊరెళ్ళేనాడు మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "సందేళ కాళ్ళు కడుక్కో, మానకు" అని చెప్పి రైలెక్కింది.

తరవాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇద్దర్నీ ముందు పట్టుకున్నవి ఆయమ్మ చేతులే. సాయంత్రాలు గోడకి అటు ఆమె, ఇటు నేను. నాకు ఆమెలా పైకి అనడం రాలేదు. సిగ్గేసేది. నీళ్ళలో పాదాలు పెట్టి లోపలే అనుకునేదాన్ని. ఆ కాసేపూ పిల్లలు కూడా నన్ను కదిపేవాళ్ళు కాదు.

ఆయమ్మకి పక్షవాతం వచ్చింది వానాకాలంలో. వార్డులోనే పడిపోయింది. కుడి చెయ్యి పూర్తిగా పోయింది. మూతి కాస్త వంకర తిరిగింది, మాట ముద్దగా అయింది. ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన ఆసుపత్రిలోనే మంచమెక్కి, కొన్నాళ్ళకి ఇంటికొచ్చింది. ఉద్యోగం ఇంక లేదు. మేనల్లుడికి ఉత్తరం రాయించాం. అతను వచ్చేదాకా అన్నం మా ఇంటి నుంచే.

సాయంత్రమయ్యేసరికి నీళ్ళు కాచి తీసుకెళ్ళాను. ఆమె బేసిను వంక చూసి మొహం తిప్పుకుంది.

"తీసుకుపో."

"కాళ్ళు కడుగుతాను, ఆయమ్మా."

"తీసుకుపోమన్నాను గదా!"

మర్నాడూ అంతే. ఒడిలో పడున్న చేతిని ఎడం చేత్తో పక్కకి తోసేసింది, ఎవరిదో వస్తువు తోసినట్టు. ఎన్నో ఏళ్ళుగా వింటున్న ఆ గొంతు ఆ సాయంత్రాల్లో లేకపోయేసరికి మా వరసంతా బోసిపోయింది. బౌదీ కూడా గోడ దగ్గరికొచ్చి, మాసీ పూజ ఎందుకు మానేసిందని గుసగుసగా అడిగింది. నాకు భయమేసింది. ఇన్నాళ్ళూ ఆమె అన్న మాటలు ఒళ్ళు బాగున్నప్పటి మాటలేనా అనిపించింది. అయినా నీళ్ళు పెట్టడం మానలేదు. బేసిను పక్కన పెట్టి వచ్చేసేదాన్ని. చల్లారాక తీసుకెళ్ళేదాన్ని.

ఒకనాడు అలా పెట్టి, గోడకి ఇవతల బియ్యం ఏరుకుంటున్నాను. నీళ్ళ చప్పుడైంది. లేచి చూశాను.

ఆయమ్మ ఆ చేతిని బేసిన్లోకి దింపుతోంది. ముందు ఎడం మోచేయి నీళ్ళల్లో పెట్టి వేడి చూసింది. తరవాత చచ్చుబడ్డ చేతిని మణికట్టు కింద ఎడం అరచేత్తో ఆనించి, తల వాలిపోకుండా పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, మెల్లగా నీళ్ళలో ముంచింది. వేళ్ళ సందులు ఒక్కొక్కటీ కడిగింది. ఎత్తి, ఒడిలో పరిచిన పొడి గుడ్డలో పెట్టి, రుద్దకుండా అద్దింది. మడతలు విప్పి తుడిచింది. గుడ్డ కొసలు ఒకటి మీద ఒకటి వేసి చుట్టింది. ఇదంతా ఒంటిచేత్తో. వార్డులో రోజూ చేసిన పనే. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన చెయ్యి ఇప్పుడు ఆమె ఒడిలో ఉంది.

నేను అక్కడే నిలబడిపోయాను. గుళ్ళో కూడా నేనెప్పుడూ అలా నిలబడలేదు.

ఆమె నన్ను చూసింది. ముద్దమాటలతో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "పనిసేసినప్పుడే దండం పెడితే... అది కూలి, పిల్లా. కూలిచ్చినట్టే గదా. ఇన్నాళ్ళూ ఈ సెయ్యి ఆయా. ఇప్పుడు... దీనికి నేను ఆయాని."

ఆ తరవాత ఒక్క సాయంత్రం కూడా మానలేదు. నీళ్ళు కాచి పెట్టనిచ్చేది. చెయ్యి మాత్రం వెయ్యనిచ్చేది కాదు. "నా పిల్లల్ని నేనే సూసుకుంటాను" అనేది.

చలికాలం మొదట్లో మేనల్లుడు వచ్చాడు. నెమ్మదైన మనిషి. సామానంతా ఒక ట్రంకు పెట్టె, ఒక మూట. ఊరెళ్ళే పాసింజరు చీకటి పడ్డాక. రిక్షా మాట్లాడి వస్తానని అతను బయటికెళ్ళాడు. నేను ఎప్పటిలాగే నీళ్ళు తీసుకెళ్ళి బేసిన్లో పోశాను. పోసి, లేవలేదు. అక్కడే కింద కూర్చుని ఆమె ఎడం పాదం పట్టుకున్నాను.

ఆమె గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "ఒద్దు పిల్లా. నేనున్నాను గదా."

"ఇయ్యాల ఒక్క పాలి," అన్నాను.

నా మొహం చూసింది. తరవాత కాలు మెల్లగా ముందుకు జరిపింది.

కడిగాను. అన్నన్నాళ్ళు విన్నదాన్ని, మాటలు నోటికి వచ్చి ఉండాలి. రాలేదు. పైకి అనడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చివరికి నాకు తోచిందే చెప్పాను.

"నా పిల్లకి నువ్వు వేణ్ణీళ్ళు పోసినావు. నా సేతుల్లో పెట్టినావు. నువ్వు పెట్టబట్టే ఆ పిల్ల మొకం నాకు తెలుసు. ఎంతమంది తల్లుల కాడ నిలబడ్డావో ఈ కాళ్ళ మీద. మోసినావు ఆయమ్మా. సాలు. దండం నీకు."

తలెత్తి చూశాను. ఆమె కళ్ళు ఎప్పుడూ చూడనిదేదో చూస్తున్నట్టు పెద్దవయ్యాయి.

"ఇంకొకులు అంటే... ఇలగుంటాదేటి!" అంది.

వాకిట్లో రిక్షా గంట మోగింది. మేనల్లుడు గుమ్మంలోకి వచ్చి, "అత్తా, బండి టైమైపోతంది, లే" అన్నాడు.

ఆయమ్మ నీళ్ళలోంచి కాళ్ళు తియ్యలేదు. నా భుజం మీద ఎడం చెయ్యి వేసి, అతనికేసి తిరక్కుండానే చెప్పింది.

"ఉండ్రా నాయినా. ఇంకో పాలి అననీ."